పొడి కన్ను: కన్నీటి పొరను నిలబెట్టి, రెచ్చిపోయిన రోగనిరోధక స్పందనను అదుపులోకి తెచ్చే పద్ధతి

చుక్కల మందు మానకుండా వేస్తున్నా కళ్ల మంట తగ్గడం లేదంటే తరచుగా రెండు కారణాల్లో ఒకటి ఉంటుంది. లోపం ఒకచోట ఉంటే మందు మరోచోట పనిచేస్తుండవచ్చు. లేదా పొడిదనం ముదిరి, కంటి ఉపరితలంలోని రోగనిరోధక కణాలను రెచ్చగొట్టి ఉండవచ్చు. ఈ రెండో సంగతిని రోగులకు విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. దాంతో చుక్కల బ్రాండ్లు మారుస్తూ నెలలు గడిచిపోతాయి, ఈలోగా కన్నీటికి జిగటను ఇచ్చే గోబ్లెట్ కణాలు, రెప్పల్లోని నూనె గ్రంథులు దెబ్బతింటూనే ఉంటాయి. ముందు కన్నీటి పొరను కుదురుగా నిలబెట్టాలి, ఆపైన రోగనిరోధక కణాలు రేపే వాపు, మంటను, అంటే ఇన్‌ఫ్లమేషన్‌ను అణచాలి, అణచిన దాన్ని తగినంత కాలం అలాగే ఉంచాలి. ఈ క్రమం ఎందుకో అర్థమైతే మందులు మధ్యలో మానేయాలన్న ఆలోచన రాదు.

కన్నీటి పొరలో ఏముంటుంది

కార్నియా (కనుగుడ్డు ముందుండే పారదర్శక పొర) మీద పరుచుకుని ఉండే కన్నీటి పొర మందం 3 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. ఒక కంట్లో ఏ సమయంలోనైనా ఉండే కన్నీరు మొత్తం సుమారు 7 మైక్రోలీటర్లే. సీసా నుంచి పడే ఒక్క చుక్క 30 నుంచి 50 మైక్రోలీటర్లు ఉంటుంది. అంటే ఒక్క చుక్క వేసినా కంట్లో ఉన్నదానికి ఎన్నో రెట్ల ద్రవం వచ్చి పడినట్టే. ఎక్కువ భాగం చెంప మీదికి కారిపోతుంది, పోతూపోతూ సహజమైన కన్నీటిని కూడా కొంత కడిగేస్తుంది. చుక్కలు ఎక్కువ వేస్తే ఎక్కువ మేలు అనుకోవడం అందుకే పొరపాటు.

పొరలో పైన నూనె ఉంటుంది. ఇది పై రెప్పలో 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా ఉండే మీబోమియన్ గ్రంథుల నుంచి వస్తుంది. దీని పని నీరు ఆవిరి కాకుండా ఆపడం. దాని కింద కన్నీటి గ్రంథి నుంచి వచ్చే నీరు, కంజంక్టైవాలోని (కంటి తెల్లభాగాన్ని, రెప్పల లోపలి వైపును కప్పే పలుచని పొరలోని) గోబ్లెట్ కణాలు విడుదల చేసే మ్యూసిన్ అనే జిగట పదార్థం కలగలిసి ఉంటాయి. ఆ నీటిలో సూక్ష్మజీవులను ఎదుర్కొనే లైసోజైమ్, లాక్టోఫెరిన్, ఐజిఎ యాంటీబాడీలు, కణాలను బాగుచేసే గ్రోత్ ఫ్యాక్టర్లు కరిగి ఉంటాయి.

కన్నీరు తడిని మాత్రమే ఇస్తుందనుకుంటే సగమే తెలిసినట్టు. ఆరోగ్యంగా ఉన్న కంటిలోనూ రోగనిరోధక కణాలు ఉంటాయి, కానీ శాంతంగా ఉంటాయి. గోబ్లెట్ కణాల నుంచి వచ్చే టిజిఎఫ్-బీటా అనే ప్రొటీను డెండ్రైటిక్ కణాలను నెమ్మదిగా ఉంచుతుంది. ఈ డెండ్రైటిక్ కణాలు బయటి పదార్థాలను పసిగట్టి, వాటి సమాచారాన్ని టి కణాలకు (ఒక రకం తెల్ల రక్తకణాలకు) చేరవేసేవి. వీటికి తోడు రెగ్యులేటరీ టి కణాలు స్పందన హద్దు దాటకుండా చూస్తాయి. దుమ్ము పడినా, గాలి తగిలినా కన్ను ప్రతిసారీ ఎర్రబడకపోవడానికి కారణం ఈ ఏర్పాటే.

ఉప్పు సాంద్రత పెరిగితే జరిగేది

నూనె తగ్గి నీరు ఎక్కువగా ఆవిరైనా, అసలు నీరే తక్కువగా ఊరినా చివరికి జరిగేది ఒకటే. మిగిలిన కన్నీటిలో ఉప్పు సాంద్రత, అంటే ఆస్మోలారిటీ, పెరుగుతుంది. మామూలు కంటిలో ఇది లీటరుకు 300 మిల్లీఆస్మోల్స్ చుట్టుపక్కల ఉంటుంది. ఏ కంట్లోనైనా 308 చేరినా, రెండు కళ్ల మధ్య తేడా 8 దాటినా అసాధారణంగా లెక్కిస్తారు. పరికరం చూపేది కంటి అంచున నిలిచిన కన్నీటి విలువ. కార్నియా మీద పొర చిట్లిన చోట సాంద్రత అంతకంటే బాగా ఎక్కువగా ఉంటుంది.

ఉప్పు పెరగగానే పైపొర కణాల్లోంచి నీరు బయటికి లాగినట్టవుతుంది. ఆ ఒత్తిడికి కణాల్లో ఎంఎపికె, ఎన్ఎఫ్-కప్పాబి అనే సంకేత మార్గాలు మేల్కొంటాయి. వాటి ఫలితంగా ఐఎల్-1 బీటా, టిఎన్ఎఫ్-ఆల్ఫా వంటి సైటోకైన్లు (ఇన్‌ఫ్లమేషన్‌ను రేపే సంకేత ప్రొటీన్లు), ఎంఎంపి-9 అనే ఎంజైమ్ విడుదలవుతాయి. కార్నియా కణాలను ఒకదానితో ఒకటి గట్టిగా పట్టి ఉంచే బంధాలను ఎంఎంపి-9 తెంచేస్తుంది. పరీక్షలో ఫ్లోరెసిన్ రంగు వేసినప్పుడు ఆకుపచ్చ చుక్కలు కనబడేది ఇలా దెబ్బతిన్న చోట్లే.

ఇంతవరకూ జరిగింది తక్షణ స్పందన. పొడిదనం కొనసాగితే డెండ్రైటిక్ కణాలు చురుకై, శోషరస నాళాల గుండా దగ్గర్లోని లింఫ్ గ్రంథులకు చేరతాయి. అక్కడ టిహెచ్1, టిహెచ్17 రకం టి కణాలను తయారుచేస్తాయి. అవి రక్తం ద్వారా కంటికి తిరిగొస్తాయి. టిహెచ్1 కణాలు వదిలే ఇంటర్ఫెరాన్-గామా గోబ్లెట్ కణాలను చంపుతుంది. టిహెచ్17 కణాల ఐఎల్-17 కార్నియా అడ్డుగోడను ఇంకా బలహీనపరుస్తుంది, రెగ్యులేటరీ టి కణాల మాట దాని ముందు చెల్లదు. గోబ్లెట్ కణాలు తగ్గితే మ్యూసిన్ తగ్గుతుంది, టిజిఎఫ్-బీటా కూడా తగ్గుతుంది. పొర మరింత త్వరగా చిట్లుతుంది, ఉప్పు మళ్లీ పెరుగుతుంది. మొదట పొడిదనాన్ని తెచ్చిన కారణం తొలగిపోయినా ఈ చక్రం తనంతట తాను తిరుగుతూనే ఉండటం ఇందువల్లే. పైగా కొన్ని టిహెచ్17 కణాలు జ్ఞాపక కణాలుగా మిగిలిపోతాయి. బాగుందని మందు ఒక్కసారిగా ఆపేసినవాళ్లకు మళ్లీ ఎండ, గాలి తగలగానే లక్షణాలు త్వరగా తిరగబెట్టడానికి ఇదొక కారణం.

మొదట లోపం ఎక్కడుందో తేల్చుకోండి

లక్షణాలు ఏ వేళ ఎక్కువో గమనిస్తే చాలా తెలుస్తుంది. సాయంత్రానికి, అదీ స్క్రీన్ ముందు కూర్చున్నాక మంట పెరిగితే నీరు ఆవిరైపోవడాన్ని అనుమానించాలి. నిద్ర లేవగానే ఎక్కువగా ఉంటే రెప్పల అంచుల్లో ఇన్‌ఫ్లమేషన్ ఉండవచ్చు, లేదా నిద్రలో రెప్పలు పూర్తిగా మూసుకోకపోవచ్చు. మంట కంటే దురదే ఎక్కువైతే అలర్జీ సంగతి చూడాలి. కళ్లతో పాటు నోరు ఎండిపోవడం, కీళ్ల నొప్పులు ఉంటే షోగ్రెన్ సిండ్రోమ్ (రోగనిరోధక కణాలు సొంత కన్నీటి, లాలాజల గ్రంథుల మీదే దాడి చేసే జబ్బు) కోసం రక్తపరీక్షలు చేయించాల్సిందే, దాన్ని వాయిదా వేయకూడదు. వాడుతున్న మందుల జాబితా కూడా రాసి పెట్టుకోండి. అలర్జీ మాత్రలు, కొన్ని డిప్రెషన్ మందులు, మొటిమలకిచ్చే ఐసోట్రెటినాయిన్, ప్రిజర్వేటివ్ ఉన్న గ్లాకోమా (నీటికాసులు) చుక్కలు, ఇవన్నీ పొడిదనాన్ని పెంచేవే.

ఇంట్లో చేసుకోదగ్గ ఒక చిన్న పరీక్ష ఉంది. రెండుసార్లు మామూలుగా రెప్పలార్పి, తర్వాత కళ్లు తెరిచి ఉంచి, ఇబ్బంది మొదలయ్యే వరకు సెకన్లు లెక్కపెట్టండి. 10 సెకన్లలోపే చురుక్కుమంటే కన్నీటి పొర నిలవడం లేదని అనుమానించవచ్చు. ఇది డాక్టరు పరీక్షకు బదులు కాదు.

క్లినిక్‌లో పరీక్షల వరుస తప్పితే ఫలితాలు తప్పుతాయి. కంటిని తక్కువగా కదిలించే పరీక్షలు ముందు, ఎక్కువగా కదిలించేవి చివర. ఆస్మోలారిటీ కొలిచే ముందు కనీసం 2 గంటలు ఏ చుక్కలూ వేయకూడదు. రెండు కళ్లకూ కొలిచి, ఎక్కువ వచ్చిన విలువనే తీసుకోవాలి. పొడి కంటిలో ఈ విలువ పూటపూటకూ మారుతుంది, ఒకసారి మామూలుగా వచ్చిందని జబ్బు లేదనుకోరాదు. ఎంఎంపి-9 పరీక్ష కూడా మత్తుచుక్కలు, రంగులు వేయకముందే చేయాలి. కింది రెప్ప లోపలి వైపు చాలాచోట్ల అద్ది కన్నీటిని తీసుకుంటారు, ఫలితం 10 నిమిషాల్లో వస్తుంది. మిల్లీలీటరుకు 40 నానోగ్రాములు దాటితే పాజిటివ్. కన్నీరు మరీ తక్కువగా ఉన్నవాళ్లలో నమూనా చాలక తప్పుగా నెగెటివ్ రావచ్చు.

తర్వాత ఫ్లోరెసిన్ రంగు వేసి, కన్నీటి పొర ఎన్ని సెకన్లకు చిట్లుతుందో చూస్తారు. స్ట్రిప్‌ను ఒక చుక్క సెలైన్‌తో తడిపి, అదనపు తడిని విదిలించి, కంటి బయటి మూలకు తాకించాలి. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ద్రవం ఎక్కువ వేయడం. అలా వేస్తే పొర నిలిచే సమయం ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది. మూడుసార్లు కొలిచి సగటు తీయాలి. 10 సెకన్ల కంటే తక్కువైతే పొర అస్థిరంగా ఉన్నట్టు. కార్నియా మీద 5 కంటే ఎక్కువ చుక్కలు రంగు పట్టినా, మరో రంగైన లిస్సమైన్ గ్రీన్‌తో కంజంక్టైవా మీద 9 కంటే ఎక్కువ పట్టినా ఉపరితలం దెబ్బతిన్నట్టే. కన్నీరు ఎంత ఊరుతోందో కొలిచే షిర్మర్ పరీక్ష చివర్లో చేయాలి. కింది రెప్ప బయటి మూడో వంతులో కాగితం స్ట్రిప్ పెట్టి 5 నిమిషాలు ఆగాలి. మత్తుచుక్క వేయకుండా చేసినప్పుడు తడి 5 మి.మీ. లేదా అంతకంటే తక్కువే పాకితే నీటి ఉత్పత్తి బాగా పడిపోయినట్టు లెక్క. రెప్పలను వేలితో నొక్కి నూనె ఎలా వస్తుందో చూడటం ఏ పరికరమూ అక్కర్లేని పరీక్ష, అయినా తరచూ వదిలేసేది అదే. ఆరోగ్యమైన నూనె పలుచగా, తేటగా వస్తుంది. గ్రంథులు మూసుకుపోతే టూత్‌పేస్ట్‌లా చిక్కగా వస్తుంది, లేదా అసలు రాదు.

నూనె పొరను తిరిగి తెచ్చుకోవడం

పొడి కన్ను ఉన్నవాళ్లలో ఎక్కువమందికి నూనె గ్రంథుల లోపం ఎంతో కొంత ఉంటుంది. ఇక్కడ మొదటి చికిత్స వేడి కాపడం. చెడిన నూనె కరగాలంటే రెప్ప లోపలి వైపు దాదాపు 40 డిగ్రీల సెల్సియస్ చేరాలి. వేడినీటిలో ముంచిన గుడ్డ రెండు నిమిషాలకే చల్లారిపోతుంది. ఒక్కసారి పెట్టి పది నిమిషాలు వదిలేస్తే ఫలితం ఉండకపోవడానికి కారణం ఇదే. రెండు నిమిషాలకోసారి గుడ్డ మార్చాలి, లేదా వేడి నిలిపే మాస్క్ వాడాలి. బయట నుంచి 40 నుంచి 45 డిగ్రీల వేడి చాలు. ముంజేతి లోపలి చర్మం మీద పెట్టి చూసి, భరించగలిగితేనే కంటి మీద పెట్టండి. రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి 10 నిమిషాలు. కొన్ని వారాలకు నెమ్మదిస్తే రోజుకు ఒకసారి సరిపోతుంది.

కాపడం తీయగానే, నూనె మళ్లీ గట్టిపడకముందే మర్దన చేయాలి. పై రెప్పను పై నుంచి కిందికి, కింది రెప్పను కింద నుంచి పైకి, అంచు వైపుగా వేలి కొనతో నెమ్మదిగా రాయాలి. గుండ్రంగా తిప్పవద్దు, కనుగుడ్డును నొక్కవద్దు. వేడి తగిలాక కార్నియా కాస్త మెత్తబడి ఉంటుంది, గట్టిగా రుద్దితే దాని ఆకారం చెడవచ్చు. కాపడం తర్వాత కొద్ది నిమిషాలు చూపు మసకగా అనిపించడం మామూలే. చివరగా రెప్పల అంచులను రెప్పల కోసం తయారైన వైప్‌తో అడ్డంగా తుడవండి.

రెప్ప వెంట్రుకల మొదళ్లను కొంచెం దగ్గరగా అద్దంలో చూస్తే, ఒక్కో వెంట్రుక చుట్టూ మైనం రంగులో చిన్న గొట్టంలాంటి పొట్టు కనబడవచ్చు. అది డెమోడెక్స్ అనే పురుగు ఉందనడానికి గుర్తు. కాపడం, వైప్‌లతో ఇది పోదు. లోటిలానర్ 0.25 శాతం చుక్కలు రోజుకు రెండుసార్లు చొప్పున 6 వారాలు డాక్టరు రాసివ్వాల్సి ఉంటుంది. గ్రంథుల ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువగా ఉంటే తక్కువ మోతాదు డాక్సీసైక్లిన్ ఇస్తారు. ఇక్కడ దాని పని సూక్ష్మజీవులను చంపడం కంటే ఎంఎంపి ఎంజైములను అణచడమే. గర్భిణులకు, 8 ఏళ్లలోపు పిల్లలకు ఇది ఇవ్వరు.

రెప్పలార్పడం కూడా చికిత్సే. మామూలుగా నిమిషానికి 15 సార్ల వరకు ఆర్పే కళ్లు స్క్రీన్ ముందు సగానికి సగం తగ్గిపోతాయి, ఆర్పినవీ సగం సగమే మూసుకుంటాయి. రెప్ప చేరని కార్నియా కింది భాగం ఎండుతుంది, నూనె కూడా గ్రంథుల నుంచి బయటికి రాదు. 20 నిమిషాలకోసారి ఇలా చేయండి: నెమ్మదిగా కళ్లు మూసి 2 సెకన్లు ఆగండి, తెరవండి, మళ్లీ మూసి 2 సెకన్లు ఆగి, ఈసారి మరో 2 సెకన్లు కాస్త బిగించి, తెరవండి. అయిదారుసార్లు చాలు. స్క్రీన్‌ను కంటి మట్టానికి కిందుగా పెట్టుకుంటే కళ్లు తక్కువగా తెరుచుకుంటాయి, ఆవిరయ్యే మేరా తగ్గుతుంది. ఏసీ, ఫ్యాన్ గాలి నేరుగా ముఖానికి తగలకుండా చూసుకోండి.

చుక్కలు ఎంచుకోవడం, వేయడం

నీరు తక్కువైనవాళ్లకు 0.1 నుంచి 0.2 శాతం సోడియం హైలురొనేట్ లేదా 0.5 నుంచి 1 శాతం కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ చుక్కలు, నూనె తక్కువైనవాళ్లకు లిపిడ్ కలిసినవి నప్పుతాయి. ఉప్పు ఒత్తిడి నుంచి కణాలను కాపాడేందుకు ట్రెహలోజ్, ఎరిథ్రిటాల్ వంటివి కలిపినవీ దొరుకుతాయి. అన్నిటికంటే ముందు లేబుల్ మీద బెంజాల్కోనియం క్లోరైడ్ ఉందేమో చూడండి. ఈ ప్రిజర్వేటివ్ నూనె పొరను చెదరగొడుతుంది, గోబ్లెట్ కణాలకూ హాని చేస్తుంది. అంటే ఏ చక్రాన్ని ఆపాలని చుక్కలు వేస్తున్నామో దాన్నే ముందుకు నెడుతుంది. రోజుకు నాలుగుసార్లు మించి వేయాల్సి వస్తే ప్రిజర్వేటివ్ లేనివే వాడండి. ఎరుపు పోగొట్టే చుక్కల జోలికి వెళ్లవద్దు. అవి రక్తనాళాలను కాసేపు కుదించడమే తప్ప జబ్బును తాకవు. మానగానే ఎరుపు మరింతగా తిరిగొస్తుంది.

చేతులు కడుక్కుని, తల వెనక్కి వంచి, కింది రెప్పను లాగి, ఏర్పడిన సంచిలో ఒకే ఒక్క చుక్క వేయండి. సీసా కొన రెప్పకు, వెంట్రుకలకు తగలకూడదు. కళ్లు నెమ్మదిగా మూసి, ముక్కు పక్కన లోపలి మూలను వేలితో 1, 2 నిమిషాలు నొక్కి ఉంచండి. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో 5 నిమిషాలైనా ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. చిక్కని జెల్, ఆయింట్‌మెంట్ ఎప్పుడూ చివర్లోనే.

ఇన్‌ఫ్లమేషన్‌ను అణచడం

కార్నియా రంగు పడుతున్నా, ఎంఎంపి-9 పాజిటివ్ వచ్చినా, పైవన్నీ నాలుగైదు వారాలు సరిగ్గా చేసినా తేడా లేకపోయినా కన్నీటి చుక్కలతోనే నెట్టుకురావడం సరికాదు. ఇక్కడినుంచి ప్రతి మందూ కంటి డాక్టరు చేతుల్లో ఉండాల్సిందే.

స్టెరాయిడ్ చుక్కలు త్వరగా పనిచేస్తాయి. లోటిప్రెడ్నాల్ 0.25 శాతం రోజుకు నాలుగుసార్లు, గరిష్ఠంగా రెండు వారాలు అన్నది ఆమోదం పొందిన పద్ధతి. కంటి ఒత్తిడి, శుక్లం ప్రమాదాల దృష్ట్యా మిగిలిపోయిన సీసాను సొంతంగా మళ్లీ మొదలుపెట్టకూడదు. హెర్పిస్ వైరస్ వల్ల వచ్చిన ఎరుపును పొడిదనం అనుకుని స్టెరాయిడ్ వేస్తే కార్నియాకే ముప్పు.

దీర్ఘకాలానికి సైక్లోస్పోరిన్. అమెరికాలో 0.05 శాతం చుక్కలకు 2002లో ఆమోదం వచ్చింది. రోజుకు రెండుసార్లు వేయాలి. టి కణాల్లో ఉండే ఎంజైమ్ క్యాల్సిన్యూరిన్‌ను అడ్డుకుని, వాటి పెరుగుదలకు కావాల్సిన ఐఎల్-2 తయారు కాకుండా చేసి, అవి పెరగకుండా ఆపుతుంది. కాలక్రమంలో గోబ్లెట్ కణాల సంఖ్య కూడా మెరుగుపడుతుంది. కానీ పూర్తి ఫలితానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది, మొదటి వారాల్లో వేయగానే మండుతుంది. ఈ మందు విఫలమైందని చెప్పేవాళ్లలో చాలామంది నిజానికి రెండో నెలలోపే మానేసినవాళ్లు. అందుకే మొదటి రెండు వారాలు స్టెరాయిడ్ తోడిచ్చి, ఆ మండటాన్ని తగ్గించి దాటిస్తారు. ఇది మంచి పద్ధతి. రోగికి ముందే ఈ లెక్కలన్నీ చెప్పడం అంతకంటే ముఖ్యం.

2016లో ఆమోదం పొందిన లిఫిటెగ్రాస్ట్ 5 శాతం చుక్కలది మరో దారి. టి కణం మీద ఉండే ఎల్ఎఫ్ఎ-1 అనే ప్రొటీను, కంటి కణాల మీద ఉండే ఐసిఎఎమ్-1కు అతుక్కోకుండా ఇది మధ్యలో అడ్డుపడుతుంది. వేసిన కాసేపటికి నాలుక మీద వింత రుచి రావడం దీని దుష్ప్రభావాల్లో ఒకటి. ముందు చెప్పినట్టు లోపలి మూలను నొక్కి ఉంచితే గొంతులోకి దిగే మందు తగ్గుతుంది.

కన్నీరు ముక్కులోకి జారిపోయే రంధ్రాలను మూసే ప్లగ్‌లు నీరు తక్కువైన కళ్లకు బాగా ఉపయోగపడతాయి, కానీ తొందరపడి పెట్టకూడదు. ఇన్‌ఫ్లమేషన్ తగ్గకముందే రంధ్రం మూస్తే సైటోకైన్లతో నిండిన కన్నీరే కంట్లో నిలిచిపోతుంది. తీవ్రమైన కేసుల్లో రోగి సొంత రక్తం నుంచి తీసిన సీరంను, సాధారణంగా 20 శాతానికి పలుచన చేసి, చుక్కలుగా ఇస్తారు. ప్రిజర్వేటివ్ ఉండదు కాబట్టి శుభ్రత, చల్లదనం తప్పనిసరి. ఇక ఒమేగా-3 మాత్రల విషయం: 2018లో వెలువడిన డ్రీమ్ అధ్యయనంలో రోజుకు 3000 మిల్లీగ్రాముల చొప్పున 12 నెలలు వాడినవాళ్లకు ఆలివ్ నూనె తీసుకున్నవాళ్ల కంటే ఎక్కువ మేలు కనబడలేదు. వాటి మీద ఆశ పెట్టుకుని అసలు చికిత్సను ఆలస్యం చేయవద్దు.

ఫలితాన్ని ఎలా చూడాలి

మొదటి సమీక్ష 4 వారాలకు, తర్వాతది 12 వారాలకు పెట్టుకోండి. వీలైతే రోజులో అదే వేళకు వెళ్లండి, ఉదయం కొలతను సాయంత్రం కొలతతో పోలిస్తే తేడా ఎందుకొచ్చిందో తేలదు. కార్నియా శుభ్రంగా ఉండి, పొర నిలుస్తూ ఉండి, అయినా నొప్పి తగ్గకపోతే నరాల వైపు చూడాలి. క్లినిక్‌లో ఒక మత్తుచుక్క వేసినా నొప్పి పోకపోతే దాని మూలం కంటి ఉపరితలంలో లేనట్టే, ఇంకా చుక్కలు పెంచి లాభం లేదు. ఆ మత్తుచుక్కను ఇంటికి తెచ్చుకుని వాడటం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పదేపదే వేస్తే కార్నియా కరిగిపోయే ప్రమాదం ఉంది.

ఒకే కంట్లో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు తగ్గడం, చీము, కార్నియా మీద తెల్లమచ్చ, వీటిలో ఏదున్నా పొడిదనమని సర్దిచెప్పుకోకుండా అదే రోజు డాక్టరుకు చూపించండి. కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లు వెంటనే లెన్స్ తీసేసి, దాన్ని పెట్టెతో సహా వెంట తీసుకెళ్లండి.

లక్షణాలు తగ్గాక మందులను ఒక్కొక్కటిగా, డాక్టరుతో మాట్లాడి తగ్గించుకోవాలి. కాపడం, రెప్పల శుభ్రత, రెప్పలార్పే అలవాటు అన్నిటికంటే చివరిదాకా కొనసాగాల్సినవి. శుక్లం ఆపరేషన్ ఆలోచన ఉంటే పొడిదనాన్ని ముందే నయం చేయించుకోండి. కన్నీటి పొర అస్థిరంగా ఉంటే కార్నియా వంపు కొలత తప్పుగా వస్తుంది, దాంతో లెన్స్ పవర్ లెక్క కూడా తప్పుతుంది. కార్నియా మీద రంగు పట్టడం తగ్గి, వేర్వేరు రోజుల్లో తీసిన రెండు కొలతలు ఒకదానికొకటి సరిపోయాకే ఆపరేషన్‌కు తేదీ పెట్టుకోవాలి.